దీపము, చెప్పులు: కాందిశీకుల సేవలో రెండు చిన్న వస్తువులు

(గ్రామ పంచాయతీ సభ్యుల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠము)



ఈ తరగతులలో మీరింతవరకు ఇంటి పన్ను వసూలును గురించి, మంచినీటి పథకములను గురించి, పారిశుద్ధ్యమును గురించి ప్రసంగములు వినియున్నారు. నాకు నిర్ణయించిన విషయము కొంత దూరముగా తోచవచ్చును. ఇల్లు వాకిలి విడిచి పరాయి గడ్డపై తలదాచుకొనిన కాందిశీకుల కుటుంబములకు సౌర దీపములు, పాదరక్షలు సమకూర్చుటను గురించి నేను మాటలాడవలసియున్నది. “మా ఊరి వీధి దీపము వెలిగి నెల రోజులైనది, పరదేశపు శిబిరములోని దీపముతో మాకేమి పని?” అని మీలో ఎవరైనను అడుగవచ్చును. అది న్యాయమైన ప్రశ్నయే. ఆ ప్రశ్నను తోసిపుచ్చక, దానికి సమాధానము చెప్పుటకే నేడు ప్రయత్నింతును.

కాందిశీకులు ఎవరు?

యుద్ధము వలననో, హింస వలననో, తమ జాతిని బట్టియో, మతమును బట్టియో తమను వేధించుదురను భయము వలననో దేశపు సరిహద్దు దాటి పోయినవారిని కాందిశీకులందుము. 1951లో కుదిరిన అంతర్జాతీయ ఒడంబడిక వేధింపు భయముతో దేశము విడిచినవారికి నిర్వచనము నిచ్చినది. ఐక్యరాజ్యసమితి కాందిశీకుల సంస్థ ఇచ్చిన లెక్కల ప్రకారము 2024 సంవత్సరాంతమునకు ప్రపంచమున 12 కోట్ల 32 లక్షల మంది తమ నివాసముల నుండి బలవంతముగా తరిమివేయబడియుండిరి. వారిలో సరిహద్దు దాటినవారు 4 కోట్ల 27 లక్షల మంది. మిగిలినవారిలో ఎక్కువమంది తమ దేశములోనే ఒక మూల నుండి మరియొక మూలకు పారిపోయినవారు.

ఇక్కడ గమనింపవలసిన సంగతి యొకటి కలదు. వీరందరు సంపన్న దేశములకు పోవుచున్నారని చాలమంది తలంతురు. అది నిజము కాదు. సరిహద్దు దాటినవారిలో మూడింట రెండు వంతుల మంది పొరుగు దేశములలోనే ఆగిపోవుచున్నారు. ఆ పొరుగు దేశములును అధిక భాగము బీద దేశములే. అనగా కాందిశీకుల భారమును మొదట మోయునది ఏ మహానగరమో కాదు. సరిహద్దు ప్రక్కనున్న పల్లెటూరు. ఆ ఊరి బావి, ఆ ఊరి అడవి, ఆ ఊరి బడి ఈ భారమును మోయుచున్నవి. ఆ ఊరి పెద్దలు మీవంటివారే.

మనకును తెలిసిన బాధయే

ఇల్లు విడిచి నడచుట తెలుగువారికి క్రొత్త కాదు. కాకినాడ, విశాఖపట్టణము, కళింగపట్టణము రేవుల నుండి మన కూలీలు వేలకొలది స్టీమర్లెక్కి రంగూనుకు పోయెడివారు. బర్మాలో మనవారిని కోరంగివారని పిలిచెడివారు. ఆ పేరు తూర్పు గోదావరి తీరమందలి కోరంగి రేవును బట్టి వచ్చినది. 1941 డిసెంబరు 23వ తేదీన రంగూనుపై జపాను విమానములు బాంబులు కురిపించిన పిమ్మట, 1942లో లక్షలాది భారతీయులు కాలినడకన స్వదేశమునకు బయలుదేరిరి. వారిలో మన తెలుగువారు అనేకులు. కొందరు మణిపూరు కొండల దారి పట్టిరి. కొందరు అరకాను కొండలు దాటి, అక్యాబు రేవు చేరి, అచ్చటి నుండి చిట్టగాంగుకు వచ్చిరి. ఆకలి చేతను, కలరా మలేరియాల చేతను దారిలో వేలమంది ప్రాణములు విడిచిరి.

మరల 1964 ప్రాంతమున బర్మా ప్రభుత్వము అంగళ్ళను, వ్యాపారములను జాతీయము చేసినప్పుడు మన కుటుంబములు మరికొన్ని తిరిగి వచ్చినవి. విశాఖపట్టణమున కంచరపాలెములో బర్మా క్యాంపు అను పేటకు ఆ పేరు ఊరక రాలేదు. తూర్పు బెంగాలు నుండి వచ్చిన కుటుంబములకు కాగజ్‌నగరు ప్రాంతమున భూములిచ్చి స్థిరపరచినారు. కోరాపుటు, బస్తరు జిల్లాలలో 1958లో ఆరంభమైన దండకారణ్య పథకమును మన పెద్దలు ఎరుగుదురు.

ఇవి పాత కథలనుకొన్నచో ఇటీవలి సంగతులు చెప్పెదను. 2014 అక్టోబరు 12వ తేదీన హుద్‌హుద్ తుపాను విశాఖ తీరమును తాకిన తరువాత ఎన్నో గ్రామములు దినముల తరబడి చీకటిలో నుండినవి. 2022 జూలైలో భద్రాచలము వద్ద గోదావరి 71 అడుగులు దాటినప్పుడు తీరగ్రామముల ప్రజలు కట్టుబట్టలతో పునరావాస కేంద్రములకు తరలిరి. వారు పరదేశము పోలేదు. కొలది దినములలో తిరిగి ఇండ్లకు చేరిరి. అయినను ఆ రాత్రులలో వారికి మొదట కావలసివచ్చినవేవి? త్రాగునీరు, అన్నము, ఆ వెంటనే వెలుతురు. బురదలో, గాజు పెంకులలో, కూలిన రేకుల నడుమ తిరుగుటకు కాలికి చెప్పులు.

కాక్స్ బజారు కొండలు

ఇప్పుడు అదే అరకాను తీరమునకు మిమ్ములను తీసికొనిపోయెదను. నేడు దానిని రఖైను రాష్ట్రమందురు. 2017 ఆగస్టు 25వ తేదీ తరువాత కొలది నెలలలో అచ్చటి హింసకు జడిసి 7 లక్షలకు పైగా రోహింగ్యా ప్రజలు నాఫ్ నదిని దాటి బంగ్లాదేశములోని కాక్స్ బజారు జిల్లాకు చేరిరి. అంతకుముందే వచ్చియున్నవారితోను, తరువాత వచ్చినవారితోను కలిపి వారి సంఖ్య 10 లక్షలు దాటినది. ఉఖియా, టెక్నాఫ్ అను రెండు ఉపజిల్లాలలో 33 శిబిరములు వెలసినవి. అందు కుటుపాలాంగు ప్రపంచములోనే మిక్కిలి పెద్ద శిబిరముగా పేరుపొందినది. ఆ రెండు ఉపజిల్లాల స్థానికులకంటె కాందిశీకుల సంఖ్యయే హెచ్చు.

ఎవరిని దేశములోనికి రానీయవలెను, ఎవరిని ఎప్పుడు తిరిగి పంపవలెను అనునవి ప్రభుత్వములు తేల్చుకొనవలసిన విషయములు. పంచాయతీ సభలో తేలునవి కావు. కాని వచ్చి పడియున్న పసిబిడ్డ రాత్రి చీకటిలో బురదలో జారి పడకుండ చూచుట ఏ వివాదమునకును లోబడిన విషయము కాదు. నేటి ప్రసంగమునకు హద్దు అంతవరకే.

ఆ శిబిరములు చదును నేలపై లేవు. అడవి కొట్టివేసిన మట్టి కొండలపై వెదురు కర్రలతోను టార్పాలినుతోను గుడిసెలు వేసికొన్నారు. ఒక గుడిసె నుండి మరియొకదానికి పోవుటకు ఇసుక బస్తాలతోను వెదురు బద్దలతోను మెట్లు అమర్చినారు. జూను నుండి సెప్టెంబరు వరకు కుండపోత వాన. ఆ వానలో మెట్లు కరగిపోవును, కొండ చరియలు విరిగిపడును. గుడిసెలకు కరెంటు తీగ లేదు. ప్రొద్దు క్రుంకిన తరువాత అచ్చటి వెలుతురు అనగా సూర్యుని నుండి పగలు కూడబెట్టుకొనిన వెలుతురే.

దీపము చేయు మేలు

సహాయ సంస్థలు పాటించు ప్రమాణములలో ఒక నియమము కలదు. ఇరువది మందికి ఒక మరుగుదొడ్డి యుండవలెను. అది నివాసమునకు 50 మీటర్లకు మించి దూరముండరాదు. పగటిపూట 50 మీటర్లు ఒక లెక్క కాదు. రాత్రి వానలో, మెట్లు కనబడని చీకటిలో, తోడెవరును లేని ఆడపిల్లకు ఆ 50 మీటర్లే ఒక క్రోసెడు దూరము. చీకటి వలన భయపడి స్త్రీలు సాయంకాలము నుండి నీరు త్రాగుట మానుకొందురు, తెల్లవారువరకు ఓర్చుకొందురు. అందువలన మూత్ర సంబంధమైన వ్యాధులు కలుగును. మరుగుదొడ్డి కట్టించి, దానికి పోవు దారిలో దీపము పెట్టనిచో రాత్రివేళ ఆ దొడ్డి సగము జనమునకు లేనట్లే.

రెండవది అగ్ని భయము. వెదురు, టార్పాలిను గుడిసెలలో కిరసనాయిలు బుడ్డి వెలిగించుట గడ్డివామి ప్రక్కన నిప్పు రాజవేసినట్లు. 2021 మార్చి 22వ తేదీన కుటుపాలాంగు ప్రాంతమున చెలరేగిన అగ్నిప్రమాదములో సుమారు 45,000 మంది గూడు కోల్పోయిరి. 2023 మార్చి 5వ తేదీన మరియొక ప్రమాదమున 12,000 మంది నిరాశ్రయులైరి. కారణమేదైనను, అట్టి చోట మంట లేని దీపము ఎంత అవసరమో వేరుగ చెప్పనక్కరలేదు.

మూడవది వన్యమృగముల భయము. ఆ కొండలు తరతరాలుగా ఏనుగులు నడచు దారులు. 2017, 2018 సంవత్సరములలో పదిమందికి పైగా కాందిశీకులు ఏనుగుల బారిన పడి మరణించిరి. తరువాత శిబిరములోని యువకులనే దళములుగా ఏర్పరచి, ఎత్తయిన మంచెలపై కాపలా పెట్టి, ఏనుగును గాయపరచకుండ అడవి వైపు మరల్చుట నేర్పినారు. జొన్న చేలో మంచె కట్టి కాపలా కాచిన రైతునకు ఈ పని వివరింపనవసరము లేదు.

ఇక దీపము సంగతి. చేతిలో ఇమిడెడు సౌర దీపములో ముఖ్యభాగములు మూడే: ఎండను విద్యుత్తుగా మార్చు పలక, దానిని నిలువచేయు బ్యాటరీ, వెలుగునిచ్చు ఎల్.ఇ.డి. బల్బు. ఈ మూడింటిలో బల్బు చరిత్ర చెప్పదగినది. తెల్లని ఎల్.ఇ.డి. వెలుగునకు మూలము నీలి కాంతి నిచ్చు ఎల్.ఇ.డి. దానిని కనుగొన్న అకసాకి, అమానో, నకమురా అను ముగ్గురు శాస్త్రజ్ఞులకు 2014లో భౌతికశాస్త్రమున నోబెలు బహుమతి లభించినది. అంతకుముందు బల్బులు కాంతికంటె వేడినే అధికముగా ఇచ్చెడివి. ఇప్పుడు కొలది విద్యుత్తుతో గదికి చాలినంత వెలుగు వచ్చుచున్నది. అందువలననే అరచేతి వెడల్పు పలకతో ఒక కుటుంబము రాత్రి వంట చేసికొనుటకును, పిల్లలు పాఠము చదువుకొనుటకును వీలైనది.

చేతి దీపముతోనే కథ ముగియదు. జోర్డాను ఎడారిలో సిరియా కాందిశీకుల కొరకు 2014 ఏప్రిలులో అజ్రక్ శిబిరము తెరిచినారు. 2017 మే నెలలో అచ్చట 2 మెగావాట్ల సౌర విద్యుత్ కేంద్రము ఆరంభమైనది. అదే ఏడాది నవంబరులో జాతరి శిబిరమున జర్మనీ ప్రభుత్వ సహాయముతో 12.9 మెగావాట్ల కేంద్రము నెలకొల్పినారు. జాతరిలో అంతకుముందు దినమునకు ఎనిమిది గంటలు మాత్రము వచ్చు కరెంటు, ఆ తరువాత పండ్రెండు గంటలకు పైగా రాసాగినది. నిర్మాణ పనులలో శిబిరవాసులకే శిక్షణ నిచ్చి కూలి నిచ్చుట అక్కడి విశేషము.

చెప్పులు చేయు మేలు

దీపమును గురించి మాటలాడువారు అనేకులు. చెప్పులను గురించి మాటలాడువారు కొలదిమందియే. చెప్పులు పాదములకు అలంకారమని తలచుటయే దీనికి కారణము. నిజమునకు చెప్పు ఒక ఆరోగ్య సాధనము.

కొంకిపురుగు సంగతి తీసికొనుడు. వ్యాధి సోకినవాని మలములో ఆ పురుగు గ్రుడ్లుండును. నీడ, తడి, వెచ్చదనము గల నేలలో అవి పిల్లలై, వారము పది దినములలో మనిషికి సోకగల స్థితికి వచ్చును. చెప్పులు లేని పాదము ఆ నేలపై మోపినప్పుడు కంటికి కనబడని ఆ పురుగు చర్మమును తొలుచుకొని లోనికి పోవును. రక్తములో చేరి, ఊపిరితిత్తులకు పోయి, అచ్చటి నుండి గొంతునకు వచ్చి, మ్రింగబడి, చివరకు చిన్న ప్రేగులలో కాపురముండును. అక్కడ రక్తము పీల్చును. బిడ్డ పాలిపోవును, బడిలో నిద్రపోవును; గర్భిణికి రక్తహీనత కలుగును. 2015 నుండి మన దేశమున జాతీయ నులిపురుగుల నిర్మూలన దినమున పిల్లలకు ఆల్బెండజోలు మాత్రలిచ్చుచున్నారు. మాత్ర పురుగును చంపును. కాని పాదము మరల అదే నేలపై పడినచో పురుగు మరల వచ్చును. మాత్రకు తోడుగా మరుగుదొడ్డి, మరుగుదొడ్డికి తోడుగా చెప్పు ఉండవలెను. ఈ మూడింటిలో ఏ ఒక్కటి లోపించినను తక్కిన రెంటి ఫలము సగమగును.

వెదురు ముల్లు, తుప్పు పట్టిన మేకు గ్రుచ్చుకొనుట వలన ధనుర్వాతము రావచ్చును. వరద నీటిలో పుండ్ల కాళ్ళతో తిరుగుట వలన ఎలుకజ్వరము సోకును. మధుమేహము కలవారికి, కుష్ఠు వలన పాదములలో స్పర్శ పోయినవారికి చెప్పు లేకుండుట అనగా కాలు పోగొట్టుకొనుటయే. వారి కొరకు మెత్తని ఎం.సి.ఆర్. రబ్బరు చెప్పులను ప్రభుత్వమే ఇచ్చుచున్నదని మీ గ్రామ ఆశా కార్యకర్త నడిగిన చెప్పగలదు.

పాము కాటు సంగతి మన పల్లెలకు చెప్పనక్కరలేదు. మన దేశమున 2000 నుండి 2019 వరకు పాము కాటు వలన సుమారు 12 లక్షల మంది మరణించిరని పరిశోధకులు అంచనా కట్టినారు. వారిలో అధికులు గ్రామీణులు. సగము మరణములు వర్షాకాలములోనే. చేతిలో దీపము, కాలికి చెప్పు ఉన్న మనిషికి ఈ ప్రమాదము తగ్గును. దీపము పామును చూపును; చెప్పు పాదమును కాచును. ఈ రెండు వస్తువులను కలిపి ఇచ్చుటలోని ఔచిత్యము ఇదియే.

ఇచ్చుట సులభము, సరిగా ఇచ్చుట కష్టము

2004 డిసెంబరు 26వ తేదీన సునామీ వచ్చినప్పుడు దేశము నలుమూలల నుండి దాతలు పంపిన వాడిన బట్టలు నాగపట్టణము ప్రాంతమున రోడ్ల ప్రక్కన గుట్టలు గుట్టలుగా పడియుండినవి. దాతల మనస్సులో లోపము లేదు. కావలసినదేదో అడిగి తెలిసికొనక పంపుటయే లోపము. సముద్రపు టొడ్డున చేపలు పట్టు కుటుంబమునకు ఉన్ని కోటు దేనికి? ఆ గుట్టలు ఎత్తివేయుటకు మరల కూలీలను పెట్టవలసి వచ్చినది.

చెప్పుల విషయమున ఈ లోపము మరింత స్పష్టము. చీర ఎవరైనను కట్టుకొనవచ్చును. చెప్పు కొలత కుదరనిచో ఎవరికిని పనికిరాదు. బిగుతైన చెప్పు పుండు చేయును. వదులైన చెప్పు బురదలో ఊడిపోవును. మన హవాయి చెప్పు బంకమట్టిలో అతుక్కొని పట్టీ తెగును. మడమ వెనుక పట్టీ గల రబ్బరు జోడు అట్టి నేలకు మేలు. పిల్లల పాదములు ఏటేట పెరుగును గనుక ఒకసారి ఇచ్చి చేతులు దులుపుకొన వీలులేదు. కావున ముందు కొలతల జాబితా, తరువాత కొనుగోలు. ఒక కాగితముపై పాదము నుంచి పెన్సిలుతో గీసినచో కొలత వచ్చును. పాదము సాయంకాలమునకు కొంత ఉబ్బును గనుక ఆ వేళ కొలుచుట మంచిది. దీనికి పెద్ద చదువు అక్కరలేదు, ఓపిక కావలెను.

దీపము విషయమున లోపము వేరు. దీపమును పంచిన దినమున ఫోటో తీయుదురు. బ్యాటరీ చచ్చిన దినమున ఎవరును రారు. కొన్ని సంవత్సరములకు బ్యాటరీ శక్తి తరుగుట సహజము. ధూళి పట్టిన పలక, నీడలో నుంచిన పలక వలన దీపము త్వరగా ఆరిపోవును. వానాకాలమున ఎండ చాలదు. స్తంభముపై దీపము ఆరిపోయినచో, బాగుచేయువాడు లేనిచో, ఆ స్తంభము ఉత్త ఇనుప కంబమే. పాడైన బ్యాటరీలను కాల్వలో పారవేసినచో మరియొక కీడు. కావున దీపముతో పాటు బాగుచేయు చేతిని కూడ తయారు చేయవలెను.

ఈ పనిలో మన దేశమే దారి చూపినది. రాజస్థానమున అజ్మీరు జిల్లా తిలోనియా గ్రామములో 1972లో స్థాపించిన బేర్‌ఫుట్ కాలేజీ, చదువు రాని గ్రామీణ స్త్రీలకు సౌర దీపములు కూర్చుటను, బాగుచేయుటను నేర్పినది. అనేక దేశముల నుండి నడివయస్సు స్త్రీలు వచ్చి, భాష తెలియకున్నను రంగులను బట్టి తీగలను గుర్తించుట నేర్చుకొని, తమ ఊళ్ళకు తిరిగి పోయి దీపములు వెలిగించినారు. యువకుడు పని నేర్చి పట్టణమునకు పోవచ్చును. ఇంటిని, ఊరిని పట్టుకొనియుండు అమ్మ పోదు. అందుకే వారిని ఎన్నుకొనినారు.

మూడవ లోపము ఇరుగు పొరుగులను మరచుట. ఉఖియా, టెక్నాఫ్ గ్రామముల బీదవారు తొలి దినములలో తమ వాకిళ్ళలో కాందిశీకులకు చోటిచ్చి అన్నము పెట్టినారు. తరువాత వారి అడవి వంటచెరకునకు తరిగిపోయినది, వారి కూలి రేట్లు పడిపోయినవి, వారి రోడ్లు లారీలతో చెడిపోయినవి. శిబిరములో దీపము వెలుగుచుండగా ప్రక్క పల్లె చీకటిలో నుండినచో ఈర్ష్య పుట్టుట మానవ సహజము. ఈ సంగతి గ్రహించి, 2018 నుండి వంట గ్యాసు పంచినప్పుడు శిబిరవాసులతో పాటు చుట్టుప్రక్కల గ్రామముల బీద కుటుంబములకును ఇచ్చినారు. అడవి మీది భారము తగ్గినది. మనసులలోని మంటయు కొంత చల్లారినది.

అన్నము ముందా, దీపము ముందా?

ఇక్కడ ఒక కఠినమైన ప్రశ్న కలదు. దానిని దాటవేయుట ధర్మము కాదు. కాక్స్ బజారులో ఒక్కొక్కరికి నెలకు 12 డాలర్ల విలువ గల ఆహార సహాయము లభించుచుండెను. నిధులు చాలక 2023లో దానిని మొదట 10 డాలర్లకు, తరువాత 8 డాలర్లకు తగ్గించిరి. 2024లో మరల పెంచినారు. పిల్లలకు కడుపునిండ అన్నము లేనప్పుడు దీపమును, చెప్పులను ఇచ్చుట విలాసము కాదా? ఆ కుటుంబములు దీపమును సంతలో అమ్మి చేపలు, కూరలు కొనుక్కొనవా? కొన్ని కుటుంబములు అట్లే చేయుచున్నవి. వారిని నిందించుట తగదు. ఆకలిగొన్న తల్లికి దీపముకంటె బియ్యము ముందు.

అయినను దీని నుండి నేర్చుకొనవలసినది దీపములు మానవలెనని కాదు. అన్నమును తగ్గించి దీపమిచ్చుట తప్పు. అన్నముతో పాటు దీపమిచ్చుట ఒప్పు. అన్నము నేటి దినమును నిలబెట్టును. దీపము, చెప్పులు రేపటి జబ్బును, రేపటి ప్రమాదమును ఆపును. కొంకిపురుగు ఉన్న బిడ్డకు ఎంత అన్నము పెట్టినను అందులో కొంత పురుగునకే పోవును. జారిపడి కాలు విరిగిన తండ్రి కూలికి పోలేడు. ఈ లెక్క తెలిసినవాడు చెప్పుల ఖర్చును వృథా ఖర్చుగా వ్రాయడు.

పంచాయతీ చేయదగిన పనులు

మొదటి ప్రశ్నకు తిరిగి వచ్చెదను: ఇది మనకేల? 1992లో రాజ్యాంగమునకు చేసిన 73వ సవరణ పదునొకండవ షెడ్యూలులో పంచాయతీలకు 29 విషయములను పేర్కొన్నది. అందు గ్రామీణ విద్యుదీకరణము, సంప్రదాయేతర శక్తి వనరులు, ఆరోగ్యము, పారిశుద్ధ్యము, ఉమ్మడి ఆస్తుల నిర్వహణము ఉన్నవి. విపత్తు వచ్చినప్పుడు నిరాశ్రయులను బడిలోనో తుపాను కేంద్రములోనో మొదట చేర్చునది మీరే. ఆ రాత్రికి మీ గ్రామమే ఒక శిబిరము. మీరే దాని అధికారులు. కావున కాక్స్ బజారు పాఠములను మన పనికి మార్చుకొనవలెను. నేను ఆరు సూచనలు మనవి చేయుదును.

ఒకటి: వర్షాకాలమునకు ముందు తుపాను కేంద్రములోను, బడిలోను కొన్ని సౌర దీపములు సిద్ధముగా నుంచుడు. నెలకొకసారి ఎండలో పెట్టి, వెలిగించి చూడుడు. పెట్టెలో పెట్టి తాళము వేసిన దీపము అవసరమునకు వెలుగదు.

రెండు: ఒక రాత్రి మీ సభ్యులు, మహిళా సంఘ సభ్యురాండ్రతో కలసి ఊరంతయు నడచి చూడుడు. మరుగుదొడ్డికి, కుళాయికి, బస్సు ఆగు చోటికి పోవు దారులలో ఎక్కడ చీకటియున్నదో స్త్రీలనే అడుగుడు. వారు చూపిన చోట మొదటి దీపము పెట్టుడు. ప్రెసిడెంటుగారి ఇంటి ముందర తరువాత పెట్టవచ్చును.

మూడు: ఊరిలో ఇద్దరు స్త్రీలకైనను దీపములు బాగుచేయుట నేర్పించుడు. చిన్న మరమ్మతు సామగ్రికి కొంత సొమ్ము కేటాయించుడు. పాత బ్యాటరీలను ఒకచోట చేర్చి పంపు ఏర్పాటు చేయుడు.

నాలుగు: ఇటుక బట్టీలకు, చెరకు నరుకుటకు, మిరప కోతలకు పరాయి జిల్లాల నుండి, పరాయి రాష్ట్రముల నుండి వచ్చు వలస కుటుంబములు మీ పొలిమేరలో డేరాలు వేసికొని యుండును. వారు కాందిశీకులు కారు. వారు బ్రతుకు తెరువునకు వచ్చినవారు. అయినను వారి పిల్లల పాదములకు చెప్పులు లేవు, వారి డేరాలకు దీపము లేదు. వారి పేర్లు మీ జాబితాలో ఉండవు. ఆ జాబితాను మీరు వ్రాయుడు. అంగన్‌వాడీకి, ఆరోగ్య కేంద్రమునకు తెలియజేయుడు.

ఐదు: చెప్పులు పంచదలచినచో ముందు కొలతలు తీయుడు. బడి పిల్లల నుండి ఆరంభించుడు. గ్రామములోని చర్మకారులకు పని యిచ్చుడు. ఊరి సొమ్ము ఊరిలోనే నిలుచును. తెగిన పట్టీ కుట్టు మనిషి ప్రక్క వీధిలోనే యుండును.

ఆరు: పుచ్చుకొనువారి గౌరవమును కాపాడుడు. వరుసలో గంటల తరబడి నిలబెట్టి, వేదికపైకి పిలిచి, మెడ వంచి తీసికొను చిత్రమును పత్రికకు పంపుట మానుడు. ఈ మాట ప్రచార శాఖలో పని చేయు నేనే చెప్పుచున్నాను. ఇంటింటికి తీసికొనిపోయి ఇచ్చినచో చిత్రము రాదు; కాని ఆ కుటుంబము తలయెత్తుకొని మీ గ్రామములో నడచును.

సోదరులారా, సోదరీమణులారా! ఇల్లు కోల్పోయిన మనిషికి తిరిగి ఇల్లు కట్టించి యిచ్చుట మన చేతిలో లేకపోవచ్చును. యుద్ధము నాపుట మన చేతిలో లేదు. కాని చీకటిలో నడచువానికి వెలుతురు చూపుట, వట్టి కాళ్ళతో నడచువానికి చెప్పులిచ్చుట ఏ పంచాయతీకైనను సాధ్యమే. బర్మా నుండి నడచి వచ్చిన మన పెద్దలకు దారిలోని కొండజాతుల వారు, అస్సాము తేయాకు తోటల వారు గంజి పోసి, చోటు చూపి ఆదుకొనినారు. ఆ ఋణము మనపై నున్నది. అది తీర్చుటకు పరదేశము పోనక్కరలేదు. మన పొలిమేరలో డేరా వేసికొనిన కుటుంబము నుండియే ఆరంభింపవచ్చును.

 ఈ మాటలలో ఏ ఒక్కటి మీ తదుపరి సమావేశపు తీర్మానముగా మారినను నా శ్రమ ఫలించినట్లు భావింతును. సెలవు.